లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకు ఎందుకొస్తాయి? కాపాడిన గుంపే ఇప్పుడు ప్రాణాల మీదకు ఎలా తెస్తోంది?

2025 ఫిబ్రవరి. ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకెళ్తే వచ్చే తీరమే ఇది. పది రోజుల వ్యవధిలో ఇక్కడ దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టినట్టు అధికారులు లెక్క తేల్చారు. ఇసుక కనిపించనంతగా తాబేళ్లు నిండిపోయిన వీడియోలు అప్పట్లో సోషల్ మీడియాలో తెగ తిరిగాయి.

దానికి నెల ముందు సీన్ పూర్తిగా వేరు. చెన్నై తీరానికి వందల కొద్దీ ఇవే తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. విశాఖ, కాకినాడ తీరాల్లోనూ చలికాలం వస్తే చాలు, చనిపోయిన తాబేళ్లు కనిపించడం మామూలైపోయింది.

ఒకే జాతి తాబేలు, ఒకే బంగాళాఖాతం. ఒకచోట లక్షల్లో రాక, ఇంకోచోట వందల్లో మరణాలు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఉంది. తాబేళ్లను లక్షల ఏళ్లుగా కాపాడుతూ వచ్చిన అలవాటే ఇప్పుడు వాటి ప్రాణాలు తీస్తోంది. అదెలాగో అర్థం కావాలంటే ముందు ఆ అలవాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి.

ఏంటీ అరిబాడా?

ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లలో చిన్న సైజుది. డొప్ప పొడవు రెండు అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బరువు 35 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది. బతుకంతా నీళ్లలోనే. మగ తాబేలు పిల్లగా సముద్రంలోకి వెళ్లాక మళ్లీ ఒడ్డు ముఖం చూడడం చాలా అరుదు. ఆడ తాబేలు మాత్రం గుడ్లు పెట్టడానికి ఇసుక మీదకు రావాల్సిందే.

రాత్రి వేళ ఒడ్డుకు పాక్కుంటూ వస్తుంది. వెనక కాళ్లతో అడుగున్నర లోతు గుంత తవ్వుతుంది. అందులో సుమారు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, దాని మీద ఒంటిని అటూ ఇటూ ఊపుతూ గట్టిగా అదుముతుంది. గంటలోపే పని ముగించుకుని సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుడ్ల వైపు తిరిగి చూడదు. ఆ టైమ్‌లో దాని కళ్ల నుంచి నీళ్లు కారడం చూసి ‘తల్లి తాబేలు ఏడుస్తోంది’ అంటుంటారు. అది ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటకు పంపే గ్రంథులు కళ్ల దగ్గరే ఉంటాయి.

చాలా సముద్ర తాబేళ్లు ఎవరికి వారే వచ్చి గుడ్లు పెట్టి వెళ్తాయి. రిడ్లేలు మాత్రం కొన్ని తీరాల్లో వేలు, లక్షల సంఖ్యలో ఒక్కసారిగా వస్తాయి. దీన్నే ‘అరిబాడా’ అంటారు. స్పానిష్ భాషలో ‘రాక’ అని అర్థం. ప్రపంచంలో ఇంత భారీ అరిబాడాలు జరిగే చోట్లు కొన్నే ఉన్నాయి. మెక్సికో, కోస్టారికా తీరాలతో పాటు మన ఒడిశా కూడా ఆ లిస్టులో ఉంది. ఒడిశాలోని గహిర్‌మథ తీరం సంగతి 1974లో, రుషికుల్య సంగతి 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చాయి.

గుంపుగా వస్తే లాభమేంటి?

తాబేలు గుడ్లంటే నక్కలకు, కుక్కలకు, అడవి పందులకు పండగే. గుడ్ల నుంచి పిల్లలు బయటకొస్తే కాకులు, గద్దలు, పీతలు రెడీగా ఉంటాయి. నీళ్లలోకి వెళ్తే చేపలు కాచుకుని ఉంటాయి. అలాంటప్పుడు అందరూ ఒకే చోట, ఒకే టైమ్‌లో గుడ్లు పెడితే శత్రువులకు విందు భోజనం వడ్డించినట్టే కదా అనిపిస్తుంది. చిన్న లెక్క వేస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

ఒక తీరంలో 50 నక్కలు, కుక్కలు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి రాత్రికి రెండు గుంతలు తవ్వి తినగలదు. అంటే రాత్రికి 100 గుంతలు ఖాళీ. ఇప్పుడు తాబేళ్లు రోజుకు వంద చొప్పున నెలల తరబడి వస్తే ఏమవుతుంది? ఏ రోజు గుడ్లు ఆ రోజే అయిపోతాయి. ఒక్కటీ మిగలదు. అదే లక్ష తాబేళ్లు ఒకేసారి వచ్చి గుడ్లు పెడితే? ఆ 50 జంతువులు 50 రోజుల పాటు రోజూ పొట్ట పగిలేలా తిన్నా 5 వేల గుంతలే ఖాళీ అవుతాయి. మిగతా 95 వేలు భద్రం.

తినేవాళ్ల కడుపు నిండిపోతుంది, తిండి మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అసలు కిటుకు ఇదే. జీవశాస్త్రవేత్తలు దీన్ని ‘ప్రెడేటర్ శాటియేషన్’ అంటారు. తెలుగులో చెప్పాలంటే శత్రువు కడుపు నింపేసి మిగతావాళ్లు తప్పించుకోవడం.

మరి ఇంత తిండి దొరికితే నక్కల సంఖ్య కూడా పెరిగిపోదా? పెరగదు. ఈ విందు ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా నెలల్లో అదే తీరంలో అన్ని నక్కలకు తిండి ఎక్కడిది? అందుకే గుడ్లు పెట్టే చోటు ఒక్కటవ్వడమే కాదు, టైమ్ కూడా ఒక్కటవ్వాలి. అప్పుడే ఈ ఎత్తు పారుతుంది.

ఇదే ఎత్తు మన ఊళ్లలోనూ కనిపిస్తుంది. తొలకరి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి కదా. కాకులు, బల్లులు, కప్పలు, కోళ్లు ఎంత తిన్నా ఇంకా మిగిలే ఉంటాయి. ఆ మిగిలిన కొన్నే కొత్త పుట్టలకు పునాది వేస్తాయి. అమెరికాలో 13 ఏళ్లకు, 17 ఏళ్లకు ఒకసారి నేలలోంచి బయటకొచ్చే సికాడా పురుగుల లెక్క కూడా ఇంతే.

ఇది త్యాగం కాదు

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ‘జాతిని కాపాడుకోవడానికి తాబేళ్లన్నీ మాట్లాడుకుని వస్తాయి’ అని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు. నిజానికి ఏ తాబేలూ జాతి గురించి ఆలోచించదు.

జరిగింది వేరు. వెనకటి తరాల్లో అందరితో కలిసి ఒడ్డెక్కిన తాబేలు పిల్లలు ఎక్కువగా బతికాయి. అదే తీరంలో గుంపు లేని రోజు ఒంటరిగా వచ్చిన తాబేలు గుడ్లు నక్కల పాలయ్యాయి. బతికిన పిల్లలకు తల్లి అలవాటే వచ్చింది. అలా వేల తరాలు గడిచేసరికి పక్కవాళ్లతో పాటే కదలడం వాటి రక్తంలో కలిసిపోయింది. పరిణామం పనిచేసేది ఇలాగే. ప్లాన్ వేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరి పిల్లలు ఎక్కువ మిగిలితే వాళ్ల అలవాటే మిగులుతుంది.

అయితే గుంపుకీ నష్టాలున్నాయి. చోటు సరిపోక, తర్వాత వచ్చిన తాబేళ్లు ముందు పెట్టిన గుంతలనే తవ్వేస్తాయి. పగిలిన గుడ్లు కుళ్లి, పక్కనున్న మంచి గుడ్లనూ పాడుచేస్తాయి. అందుకే బాగా కిక్కిరిసిన తీరాల్లో గుడ్లు పొదిగే శాతం పడిపోతుంది. ఇలా లాభం, నష్టం రెండూ ఉండబట్టే ఆలివ్ రిడ్లేలన్నీ గుంపులో చేరవు. కొన్ని విడివిడిగా ఎక్కడెక్కడో ఒడ్డెక్కుతాయి. ఆంధ్రా తీరంలో మనకు కనిపించేది ఈ రెండో రకమే. విశాఖ ఆర్కే బీచ్ నుంచి కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ దాకా చాలాచోట్ల ఇవి ఒకటీ రెండుగా వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థల వాళ్లు ఆ గుడ్లను సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతుంటారు.

దారి ఎవరు చూపిస్తారు?

వేల కిలోమీటర్ల సముద్రంలో తిరిగే తాబేలు తాను పుట్టిన ప్రాంతానికే ఎలా వస్తుంది? దీనికి జవాబు భూమి అయస్కాంత క్షేత్రంలో ఉంది. ఒక్కో తీరంలో ఆ క్షేత్రం బలం, వాలు కొద్దిగా తేడాగా ఉంటాయి. పుట్టిన చోటి గుర్తును తాబేళ్లు పిల్లగా ఉన్నప్పుడే పట్టేసుకుంటాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేళ్లపై 2015లో వచ్చిన స్టడీ దీనికి గట్టి ఆధారం ఇచ్చింది. అయస్కాంత క్షేత్రం ఏటా కొద్దికొద్దిగా జరిగినప్పుడు తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు కూడా దాంతో పాటే జరిగాయి.

అలాగని అన్నీ గీత గీసినట్టు పుట్టిన చోటికే రావు. 2021లో ఒడిశాలో ట్యాగ్ వేసిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ బీచ్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. బంగాళాఖాతం నుంచి దేశాన్ని చుట్టి అరేబియా సముద్రానికి చేరిందన్నమాట.

మన తూర్పు తీరపు రిడ్లేలకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇవి మిగతా ప్రపంచంలోని రిడ్లేలకు భిన్నమైనవని, నేటి ఆలివ్ రిడ్లేల మూలం బహుశా ఇక్కడే ఉందని డీఎన్‌ఏ పరిశోధనల్లో తేలింది. అంటే మన ఒడ్డున చనిపోతున్నది ఒక తాబేలు మాత్రమే కాదు. ఒక పాత వంశం.

కాపాడిన అలవాటే ఉచ్చుగా మారింది

నవంబర్ నుంచి తాబేళ్లు జత కట్టడానికి తీరం దగ్గరికి చేరతాయి. ఏప్రిల్ దాకా ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మూకుమ్మడిగా తిరుగుతుంటాయి. ఒకే చోట, ఒకే సీజన్‌లో, భారీ సంఖ్యలో చేరడం నక్క మీద పనిచేసింది. ఎందుకంటే నక్క కడుపు నిండుతుంది. ట్రాల్ వలకు కడుపు నిండదు.

ట్రాలింగ్ చేసే మరబోట్లు పెద్ద సంచీ లాంటి వలను సముద్రం అడుగున గంటల తరబడి ఈడ్చుకెళ్తాయి. రొయ్యలు, చేపలతో పాటు దారిలో ఉన్న తాబేలు కూడా అందులోకి వెళ్లిపోతుంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. పైకి రాకపోతే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. వల పైకి లాగేసరికి అది కళేబరమే. ఇక్కడ గుంపుగా ఉండటం రక్షణ కాదు. గుంపు ఎంత పెద్దదైతే ఒక్క వలలో పడేవి అన్ని ఎక్కువ.

పరిణామ శాస్త్రంలో దీన్ని ‘ఎవల్యూషనరీ ట్రాప్’ అంటారు. ఒకప్పుడు మేలు చేసిన అలవాటు, పరిస్థితులు మారాక ఉచ్చుగా మారడం. మరి తాబేళ్లు కొత్త అలవాటు నేర్చుకోలేవా? ఒక ఆలివ్ రిడ్లే గుడ్లు పెట్టే వయసుకు రావడానికే పదేళ్లకు పైగా పడుతుంది. మన సముద్రంలో మరబోట్ల జోరు మొదలై కొన్ని దశాబ్దాలే. అంటే తాబేళ్లలో నాలుగైదు తరాలు మాత్రమే. అంత తక్కువ టైమ్‌లో వేల తరాల అలవాటు మారిపోవడం జరిగే పని కాదు.

ఉచ్చు ఇదొక్కటే కాదు. ఇంకో రెండున్నాయి.

మొదటిది వెలుతురు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రాత్రి పూట ఎక్కడ వెలుతురు ఎక్కువగా ఉంటే అటే పరుగు తీస్తాయి. కరెంటు లేని రోజుల్లో రాత్రి తీరంలో వెలుగ్గా కనిపించేది సముద్రం వైపే. ఇప్పుడు బీచ్ రోడ్డు లైట్లు, రిసార్టుల ఫోకస్ లైట్లు అంతకంటే ఎక్కువ మెరుస్తున్నాయి. పిల్లలు సముద్రం వదిలేసి రోడ్డు వైపు వచ్చి కుక్కల పాలో, బండి చక్రాల పాలో అవుతున్నాయి.

రెండోది వేడి. తాబేలు పిల్ల ఆడదా, మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. ఇసుక చల్లగా ఉంటే మగ పిల్లలు, వేడిగా ఉంటే ఆడ పిల్లలు ఎక్కువ. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ లెక్క తప్పుతోంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతం ఆడవేనని 2018లో వచ్చిన స్టడీ తేల్చింది. ఇసుక మరీ కాలితే గుడ్లు లోపలే చచ్చిపోతాయి.

లక్షలు ఉన్నాయి కదా.. భయమెందుకు?

‘7 లక్షలు వచ్చాయంటున్నారు, ఇంకేం ప్రమాదం?’ అని అడిగేవాళ్లున్నారు. దీనికి జవాబు మెక్సికోలో దొరుకుతుంది. ఆలివ్ రిడ్లేకు దగ్గరి బంధువు కెంప్స్ రిడ్లే. 1947లో మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో ఒక్క రోజే వచ్చిన గుంపును ఒకరు ఫిల్మ్ తీశారు. ఆ ఫిల్మ్ చూసిన శాస్త్రవేత్తలు అందులో సుమారు 40 వేల తాబేళ్లు ఉంటాయని అంచనా వేశారు. జనం గుడ్లు తవ్వుకుపోవడం, రొయ్యల వలలు కలిసి 1985 నాటికి ఏడాది మొత్తానికి 702 గుంతలే మిగిలాయి. నలభై ఏళ్లు కూడా పట్టలేదు.

గుంపుతో బతికే జీవికి ఇదే అసలు ప్రమాదం. సంఖ్య ఒక స్థాయి కంటే తగ్గితే శత్రువుల కడుపు నింపే బలం పోతుంది. అప్పుడు నక్కలు, కుక్కలే మిగతా పని పూర్తి చేస్తాయి.

ఊరటనిచ్చే మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. తీరంలో గుడ్లకు కాపలా పెట్టి, రొయ్యల వలలకు ‘టెడ్’ తప్పనిసరి చేశాక 2009 నాటికి గుంతల సంఖ్య 20 వేలు దాటింది. ఆ తర్వాత ఆ జోరు తగ్గినా, జాతి మాత్రం నిలబడింది.

టెడ్ అంటే ఏంటి? మన దగ్గర ఎందుకు లేదు?

టెడ్ అంటే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్. వల మధ్యలో బిగించే ఇనుప ఊచల చట్రం. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందుల్లోంచి వల చివరకు వెళ్లిపోతాయి. తాబేలు ఊచలకు తగిలి, పక్కనున్న తలుపు లాంటి రంధ్రం గుండా బయటపడుతుంది. మన వలలకు సరిపోయే మోడల్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారు చేసింది.

అయినా వాడకం అంతంతమాత్రమే. ఆ రంధ్రంలోంచి పెద్ద చేపలు కూడా పోతాయని మత్స్యకారుల భయం. డీజిల్ ఖర్చు, అప్పులతో నెట్టుకొచ్చేవాళ్లకు ఆ భయం చిన్నది కాదు. టెడ్ లేని వలలతో పట్టిన మన సముద్రపు రొయ్యలను 2019 నుంచి అమెరికా తీసుకోవడం ఆపేసింది. ఆంధ్రాలో చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు. దెబ్బ పడింది సముద్రంలో వేటాడే వాళ్లకే.

ఇంకో చిక్కు క్యాలెండర్‌లో ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టింది. తాబేళ్లు తీరం దగ్గర తిరిగేది నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. అంటే నిషేధం మొదలయ్యేసరికే వాటి సీజన్ దాదాపు ముగుస్తుంది. ఒడిశాలో మాత్రం తాబేళ్లు చేరే నదీ ముఖాల దగ్గర 20 కిలోమీటర్ల వరకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట ఆపేస్తారు. అక్కడికి వెళ్లే తాబేళ్లలో చాలా వరకు మన తీరం మీదుగానే వెళ్లాలి. ఆంధ్రాలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న రూల్ ఇప్పటికే ఉంది. తెప్పలు, చిన్న పడవల మీద బతికే వాళ్ల కోసం పెట్టిన ఈ రూల్ గట్టిగా అమలైతే తాబేళ్లకూ మేలు, చిన్న మత్స్యకారులకూ మేలు.

పిల్లలను వదిలితే సరిపోదు

హేచరీల నుంచి బుజ్జి తాబేళ్లను సముద్రంలో వదిలే వీడియోలు అందరికీ ఇష్టమే. ఆ పని అవసరం కూడా. అయితే పిల్లల్లో పెద్దయ్యేది వెయ్యికి ఒకటని ఒక అంచనా. అన్ని గండాలు దాటి పెద్దదైన ఒక్క ఆడ తాబేలు వలలో చచ్చిపోతే, ఆ లోటు పూడ్చడానికి ఎన్ని వందల పిల్లలను వదలాలో లెక్క వేసుకోవచ్చు. అమెరికాలో లాగర్‌హెడ్ తాబేళ్లపై 1987లో వచ్చిన పరిశోధన ఇదే చెప్పింది. గుడ్లన్నింటినీ కాపాడినా, సముద్రంలో పెద్దవి చనిపోతూ ఉంటే సంఖ్య తగ్గడం ఆగదు.

తాబేలు తన అలవాటు మార్చుకోలేదు. వలకు ఒక చట్రం బిగించడం, లైటు ఆర్పడం, తేదీలు సరిచేయడం మనిషి చేతిలో పని.

బీచ్‌లో తాబేలు కనిపిస్తే ఏం చేయాలి?

• గుడ్లు పెట్టే తాబేలు దగ్గర ఫ్లాష్, టార్చ్ వేయొద్దు. బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది.

• గుడ్లను మీరే తీసి వేరే చోట పెట్టొద్దు. పెట్టిన కొన్ని గంటల తర్వాత వాటిని తిప్పితే లోపలి పిండం చనిపోతుంది. అటవీశాఖకు చెప్పండి.

• పిల్లలు సముద్రం వైపు వెళ్తుంటే చేతుల్లోకి తీసుకుని సెల్ఫీలు దిగొద్దు. దారి ఇస్తే చాలు.

• తీరంలో ఇల్లు, హోటల్ ఉంటే జనవరి నుంచి మే దాకా రాత్రి పూట సముద్రం వైపు లైట్లు తగ్గించండి.

• ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది. పట్టినా, చంపినా, గుడ్లు అమ్మినా జైలు శిక్ష పడుతుంది.